ఎర్రదారం చుట్టిన గుర్తు

మొన్న ముగ్గురమ్మాయిలు మా ఇంటికొచ్చారు. ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతున్నారట. నేను రేపల్లెలో కుట్టు టీచరుగా పనిచేశానని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారు. పాత బట్టలు పారెయ్యకుండా కొత్త రూపమిచ్చి కట్టుకోవాలని జనానికి చెప్పాలట, అదీ వాళ్ళ తాపత్రయం. దానికి అప్‌సైక్లింగ్ అని పేరు కూడా ఉందట. "మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవా మేడం?" అని అందులో ఒక పిల్ల అడిగింది. నాకు నవ్వాగలేదు. మా రోజుల్లో అది తప్ప ఇంకేం ఉండేదమ్మా!

పరికిణీ కుట్టేటప్పుడే లోపల మూడు మడతలు వేసి కుట్టేవాళ్ళం, పిల్ల పొడుగు సాగినకొద్దీ ఏడాదికొకటి విప్పడానికి. విప్పిన చోట వెలవని రంగు పట్టీలా కనబడేది. ఆ పట్టీలు లెక్కపెట్టి ఆ పరికిణీ వయసు చెప్పొచ్చు. చొక్కా కాలరు అరిగిపోతే ఊడదీసి, తిరగేసి కుట్టేవాళ్ళం. ఆఫీసుకు పోయే ఆయనకి ఇంకో రెండేళ్ళు ఢోకా ఉండేది కాదు. ఇవన్నీ చెబితే పిల్లలు ఫోన్లో రికార్డు చేసుకుని, కాఫీ తాగి, సంతోషంగా వెళ్ళిపోయారు. ఒక్క సంగతి మాత్రం చెప్పలేకపోయాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తరవాత రెండ్రోజులు అన్నం సయించలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ పిల్లల పనికి ఉపయోగపడితే సరే, లేకపోతే ఒక ముసలమ్మ గోడు విన్నామనుకోండి.

రేపల్లెలో మాది ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రం. ఏడాది కోర్సు, ఇరవై మంది పిల్లలు, తొమ్మిది మిషన్లు, అందులో రెండు ఎప్పుడూ మొరాయిస్తూనే ఉండేవి. ఎనభైల మధ్యలో నేనక్కడ టీచర్ని. ఇల్లు తెనాలిలో. పొద్దున్నే రేపల్లె ప్యాసింజరెక్కడం, సాయంత్రం మళ్ళీ బండికే తిరిగి రావడం. నాతోపాటు కటింగ్ మాస్టారు వచ్చేవారు. తెనాలిలో నలభై ఏళ్ళు దర్జీ కొట్టు నడిపి, దాన్ని కొడుక్కి అప్పజెప్పి, ఊరికే కూర్చోలేక మా దగ్గర చేరారాయన. బండి వేమూరు చేరేలోగా టిఫిన్ డబ్బా తెరిచి, మూత మీద ఒక ఇడ్లీ పెట్టి నా ముందుకు తోసేవారు. నాకు ముప్ఫై దాటినా ఆయనకి నేను "అమ్మాయ్"నే.

మా కేంద్రంలో గుడ్డకి కరువు. నేర్చుకునే పిల్లలే గుడ్డ తెచ్చుకోవాలి. కూలికి పోయే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కణ్ణుంచి తెస్తారు? పాపం, న్యూసు పేపర్లు కత్తిరించి కత్తిరించి విసిగిపోయేవాళ్ళు. చూడలేక, ఆదివారం చర్చి నుంచి రాగానే తెనాలిలో ఇల్లిల్లూ తిరిగి పాత బట్టలు అడగడం మొదలుపెట్టాను. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆడవాళ్ళతో నాకు పోటీ. "ఆవిడైతే గిన్నె ఇస్తుంది, నువ్వేం ఇస్తావమ్మా?" అనేవారు ఇల్లాళ్ళు. "ఉపన్యాసం ఇస్తానండి" అనేదాన్ని. నిజంగానే ఇచ్చేదాన్ని కూడా. చీర ఒకచోట చిరిగితే చీరంతా పోయినట్టు కాదనీ, మిగతా నాలుగు గజాల్లో ఇద్దరు పిల్లలకి బట్టలవుతాయనీ, వాకిట్లో నిలబడి చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. ఊళ్ళో నాకు పాతబట్టల టీచరమ్మ అని పేరు పడిపోయింది. కోపం రాకపోగా గర్వంగా ఉండేది.

మాస్టారు పాత బట్ట చేతిలోకి తీసుకుంటే చూడాలి. కిటికీ దగ్గరికెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టేవారు. నేత ఎక్కడ పల్చబడిందో అలా చూస్తే తెలుస్తుంది. "కుచ్చిళ్ళు పోయాయి, కొంగు దిట్టంగా ఉంది" అని తేల్చేవారు. తరవాత పాత కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే విప్పడం. కత్తెర ఆఖర్న.

అన్నిటికంటే ముందు ఆయన ఇంకో పని చేసేవారు. చాకలి గుర్తు తీసెయ్యడం. మీకు తెలిసుండదు, చెబుతాను. ఊళ్ళో అన్ని ఇళ్ళ బట్టలూ ఒకే రేవులో ఉతికేవాళ్ళు గదా, కలిసిపోకుండా ఇంటికొక గుర్తు ఉండేది. మూడు చుక్కలు ఒకరిది, సున్నాలో గీత ఇంకొకరిది. నల్లజీడి గింజ రసంతో బట్ట మూల పెట్టేవాళ్ళు. బట్ట చిరిగిపోయినా ఆ గుర్తు చెరగదు. మాస్టారు దాన్ని కత్తిరించి పారేసేవారు, కుదరకపోతే కుట్టు లోపలికి మడిచేసేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

ఇక ఆ పిల్ల సంగతి. రేపల్లెకి ఆరేడు మైళ్ళ దూరంలో ఒక పల్లె నుంచి వచ్చేది. పందొమ్మిదేళ్ళు. అమ్మా నాన్నా పొలం కూలీలు. మాలాగే లూథరన్ క్రైస్తవులు. నోరు చిన్నదేం కాదు. చేరిన మొదటి వారంలోనే నా జాకెట్టు చంక దగ్గర ముడత చూసి, "టీచర్, మాకు నేర్పడానికని కావాలనే తప్పు కుట్టారా, లేకపోతే మీకు వచ్చిందే ఇంతా?" అంది. క్లాసంతా గొల్లుమంది. తిట్టబోయి నేనూ నవ్వేశాను. మర్నాడు ఆ జాకెట్టు పట్టుకెళ్ళి దాని ముందే పెట్టాను. సాయంత్రానికి విప్పి, సరిచేసి ఇచ్చింది. ఆ తరవాత నేను చచ్చేదాకా వేసుకున్నా ముడత పడేలా లేదు.

ఆ పిల్ల కుట్టిన బట్టకి ఇటుపక్కా అటుపక్కా తేడా తెలిసేది కాదు, లోపల కూడా అంత శుభ్రంగా ఉండేది. నాకు పిల్లల్లేరు. ఆ మాట ఇక్కడెందుకంటే, అది మధ్యాహ్నం నా పక్కన కూర్చుని పచ్చడి మెతుకులు తింటూ కబుర్లు చెబుతుంటే, ఇది ఎప్పటికీ ఇలాగే నా పక్కన ఉంటే బాగుండు అనిపించేది. ఉండే వీలు కూడా ఉంది. మా కేంద్రంలో సహాయ టీచరు ఉద్యోగం ఖాళీ పడింది. బాపట్లలో జరిగే చేతిపనుల ప్రదర్శనలో మా పిల్లల్లో ఎవరికి మొదటి బహుమతి వస్తే వాళ్ళకే ఆ ఉద్యోగం అని కమిటీ వాళ్ళు చెప్పారు. ఆ పిల్ల ఇంట్లో నెల జీతం ఎరిగిన మనిషి అప్పటికి ఒక్కరూ లేరు. ఇంకేం, దానికన్నా నాకే ఎక్కువ ఆరాటం పట్టుకుంది.

ప్రదర్శనకి మేమనుకున్నది పాత బట్టలకి కొత్త రూపు. పిల్లలు తాము కుట్టినవి తామే తొడుక్కుని వేదిక మీద నడవాలి. ఆ రోజుల్లో అది ఎంత విడ్డూరమో మీరు ఊహించుకోలేరు. ఆ పిల్లకి ఒక వెంకటగిరి చీర ఇచ్చాను. మీగడ రంగు, ఆకుపచ్చ అంచు, కుచ్చిళ్ళ దగ్గర చీలికలు పీలికలు. చిరిగిన భాగమంతా తీసేసి, మిగిలిన దాంతో లంగా, ఓణీ, చేతుల దగ్గర అంచు తిప్పిన జాకెట్టూ కుట్టింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన మెచ్చుకోవడమంటే అదే.

చిక్కంతా నా తెలివితేటలతో వచ్చింది. ఇంత బాగుంటే ఇది పాత చీరంటే ఎవరు నమ్ముతారు? అందుకని చాకలి గుర్తులు దాచొద్దు, పైకి కనబడేలా ఉంచండి అని పిల్లలందరికీ చెప్పాను. అంతటితో ఆగానా! ప్రతి గుర్తు చుట్టూ ఎర్రదారంతో చిన్న గొలుసు కుట్టు వెయ్యమన్నాను, జనం కళ్ళు దానిమీదే పడేలా. ఆ లంగా కింది అంచు మీద గుర్తు చుట్టూ దారం నేనే చుట్టాను, నా చేత్తో.

మాస్టారికి నచ్చలేదు. "తీసెయ్ అమ్మాయ్" అన్నారు.

"ఋజువుండాలి గదండీ మాస్టారూ."

"ఇదేమన్నా కోర్టా, ఋజువులు చూపించడానికి? కట్టుకునే మనిషి కట్టుకుంటది, చూసేవాళ్ళకెందుకు అదెవరిదో?"

"ఈ కాలం వేరండి. పాత బట్టంటే సిగ్గుపడకూడదని చెప్పడానికే గదా మనం వెళ్ళేది?" అన్నాను. ఆయన తన కత్తెర తీసుకుని వేరే బల్లకి వెళ్ళిపోయారు. ఒంట్లో బాగాలేదని బాపట్లకి కూడా రాలేదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ చీర ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ పిల్ల వాళ్ళ ఊళ్ళోనే ఒక పెద్దింటి ఆవిడ, నా సంగతి విని, మూట కట్టి పంపించింది. పిల్లకి తెలియదు, అన్ని మూటలూ కలిపేసి గదిలో పోశాం గదా. నాకు తెలుసు. తెలిసీ ఏమీ తట్టలేదు. పైగా బట్టలిచ్చిన దాతల్ని బాపట్లకి రమ్మని పిలిచిందీ నేనే. ముందు వరసలో వాళ్ళకి కుర్చీలు వేయించిందీ నేనే.

ఆ రోజు హాలు నిండిపోయింది. మా పిల్లలు ఒక్కొక్కరే నడిచారు. ఆ పిల్ల వచ్చేసరికి హాల్లో ఎక్కడి మాటలక్కడ ఆగిపోయాయి. వేదిక చివరిదాకా వచ్చి, ఓణీ సర్దుకుని, నా వంక చూసి కళ్ళతో నవ్వింది. "ఎలా ఉంది టీచర్?" అన్నట్టు. మొదటి బహుమతి దానికేనని అక్కడికక్కడే చెప్పేశారు. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. మైకు పుచ్చుకుని ఆ ఎర్రదారం గురించి చెప్పాను. గుర్తు చూడండి, ఇది నిజంగా పాత చీరే, కావాలంటే దగ్గరికొచ్చి చూడండి అన్నాను.

పెద్దింటి ఆవిడ లేచి వచ్చింది. చెడ్డ మనిషని చెప్పను, మురిసిపోతూనే వచ్చింది. వంగి లంగా అంచు పట్టుకుని చూసింది. "అమ్మమ్మమ్మ, ఇది మా ఇంటి గుర్తే! నా చీరే ఇది!" అంది. తల ఎత్తి పిల్ల మొహం పరకాయించి చూసింది. "ఒసే, నువ్వు ఫలానా దాని కూతురివి కదూ? మీ అమ్మ మా చీర వద్దని అరుగు మీద పెట్టేసి పోయింది, ఎంత పొగరనుకున్నాం! చూడు, చివరికి నువ్వే కట్టుకున్నావు!" మైకు నా చేతిలోనే ఉంది. మాటలన్నీ హాలంతా వినబడ్డాయి. ముందు వరస నవ్వింది. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు అదొక ముచ్చటగానే అనిపించింది. ఇచ్చినావిడా పుచ్చుకున్న పిల్లా ఒకే వేదిక మీద ఉన్నారు, ఇంతకన్నా మంచి ప్రచారం ఏముంటుంది అనుకున్నాను. పిల్ల వంక చూసేసరికి అది తెర వెనక్కి వెళ్ళిపోయింది. ఫోటో కోసం పిలిస్తే రాలేదు. వెళ్ళి చూస్తే లంగా, ఓణీ, జాకెట్టు మడత నలగకుండా బల్ల మీద పెట్టి ఉన్నాయి. తన పాత వాయిలు చీర కట్టుకుని రేపల్లె బస్సెక్కేసిందని తోటి పిల్లలు చెప్పారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగోరోజు బహుమతీ, ఉద్యోగం కాగితమూ సంచిలో పెట్టుకుని ఆ పిల్ల ఊరు వెళ్ళాను. వాళ్ళమ్మ వాకిట్లో చేట పక్కన పెట్టి లేచింది. "వందనాలండి టీచరమ్మగారూ" అని నులక మంచం దులిపి వేసింది. మంచినీళ్ళిచ్చింది. గుమ్మం పక్కన పిల్ల చెప్పులున్నాయి. లోపలే ఉందన్నమాట. నేను ఏదేదో చెప్పాను. పాత బట్టలో తప్పు లేదనీ, ఆవిడ మనసులో చెడు లేదనీ, ఉద్యోగం పోగొట్టుకోవద్దనీ. ఆవిడ అంతా విని అప్పుడు నోరు విప్పింది.

"పాతవి కట్టుకోడం మాకేం కొత్తండీ? మా ఇంట్లో కొత్తవెన్నుంటాయి గనక. ఆ ఇంట్లో పన్జేసేటప్పుడు ఏటా క్రిస్మస్‌కి ముందు ఒక పాత చీర ఇచ్చేవాళ్ళు. ఇచ్చి ఊరుకుంటే బానే ఉండు. మర్నాడు అదే కట్టుకుని పన్లోకి రావాల. వచ్చినోళ్ళందరికీ నన్ను పిలిచి చూపించేవాళ్ళు, ఇది మాదే, దీనికెంత బాగుందో చూడండి అని. తిరగమనేవాళ్ళు కూడానండి. పిల్ల పుట్టింతర్వాత ఇంక నా వల్ల కాదన్నాను. ఆ మాటకి పని పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాం. నా కూతురు ఒంటి మీద మాత్రం ఆ గుర్తు పడకూడదనుకున్నాను. మీ చేతుల మీదుగా పడిందండి."

అంతే. తిట్టలేదు, గొంతు పెంచలేదు. నేను లోపలికి వినబడేలా పిల్లని పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. బస్సు టైమయ్యేదాకా ఆ మంచం మీదే కూర్చున్నాను, ఏదో ఒక క్షణాన తలుపు తీసుకుని వచ్చి నన్ను నాలుగు మాటలన్నా అంటుందని. రాలేదు.

సోమవారం కేంద్రానికి వెళ్ళేసరికి మాస్టారు నేలమీద కూర్చుని, గదిలో ఉన్న మూటలన్నీ విప్పి, ఒక్కొక్క బట్టకీ గుర్తులు కత్తిరిస్తున్నారు. చెప్పాను గదా అనలేదు. నేనూ పక్కన కూర్చుని బ్లేడు తీసుకున్నాను.

ఉద్యోగం వేరే పిల్లకి వెళ్ళింది. మంచి పిల్లే. నేను మూడు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. తరవాత ఎవరో చెప్పారు, పెళ్ళయిందనీ, అడవులదీవిలో ఉంటోందనీ. అడవులదీవి ఎంత దూరం? రేపల్లెలో బస్సెక్కితే చాలు. పదేళ్ళ పాటు ఆ బస్సు ఎక్కలేకపోయాను. రేపల్లె స్టేషన్లో దిగినప్పుడల్లా జనంలో దానికోసం వెతికేదాన్ని. ఎవరైనా అమ్మాయి ఓణీ అలా సర్దుకుంటే ఆగి మొహం చూసేదాన్ని. కొత్త బ్యాచిలు వస్తూ పోతూ ఉన్నాయి. నా జాకెట్టు ముడతల్ని మళ్ళీ ఎవరూ ఎత్తిచూపలేదు. తొంభైలు వచ్చాక మాస్టారు మానేశారు, ఆ పైన కొన్నాళ్ళకి పోయారు. ప్యాసింజరులో ఒక్కదాన్నే టిఫిన్ తినేదాన్ని.

తొంభైల మధ్యలో అడవులదీవిలో స్త్రీల సమాజం వాళ్ళు నన్ను మాట్లాడమని పిలిచారు. పాత బట్టల గురించే. వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. చర్చిలో చాపల మీద ముప్ఫై మంది దాకా కూర్చున్నారు. మొదలుపెట్టిన కాసేపటికి చివరి వరసలో ఆ పిల్ల కనబడింది. కాస్త ఒళ్ళు చేసింది. ఒళ్ళో చంటిది నిద్రపోతోంది. ఎలాగో ముగించి, ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నాను.

అది లేవకుండానే అడిగింది. "టీచరుగారూ, మీరెప్పుడన్నా వేరేవాళ్ళ పాత బట్ట కట్టుకున్నారాండి?"

అందరూ నా వంక చూశారు. నేనెన్ని ఇళ్ళు తిరిగాను, ఎన్ని మూటలు మోశాను, ఎన్ని ఉపన్యాసాలు దంచాను! నా ఒంటిమీద మాత్రం ఎప్పుడూ నా చీరే ఉంది. మా నాయనమ్మ కూలి మనిషి. ఆవిడ కట్టుకునే ఉంటుంది, ఎవరో తిరగమంటే తిరిగే ఉంటుంది. మా నాన్నకి గుమాస్తా పని రాగానే ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేను హాయిగా మర్చిపోయాను.

"లేదమ్మా" అన్నాను. "ఒక్కసారి కూడా కట్టుకోలేదు." ఆ తరవాత బాపట్లలో నేను చేసిన పని, ఎవరి పేరూ చెప్పకుండా, ఆ ఆడవాళ్ళందరి ముందూ చెప్పేశాను. ఎర్రదారంతో సహా. ఒకావిడ కొంగుతో కళ్ళద్దుకుంది.

ఆ పిల్ల బస్సు దాకా నాతో నడిచి వచ్చింది. వాళ్ళాయన బళ్ళో మాస్టారట. ఇంట్లో మిషను పెట్టుకుని కుడుతోందట, ఆరుగురు పిల్లలకి నేర్పుతోందట. పాత చీరలు కూడా కత్తిరిస్తారా అని అడిగితే, "కత్తిరిస్తామండి. ఎవరి ఇంటివి వాళ్ళకే కుట్టి ఇస్తాం" అంది. ఎంత సుళువు! నాకు తట్టలేదు.

"ఆ రోజు ఆవిడ అలా అనేసరికి నీకు ఎంత కష్టంగా అనిపించిందో, నన్ను క్షమించమ్మా" అన్నాను. ఎన్నేళ్ళుగానో లోపల్లోపల చెప్పుకుంటున్న మాట.

చంటిదాన్ని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఆవిడ అంటుందండి, ఆవిడ ఎప్పుడూ అంతే. మా అమ్మ ఆవిడకి తల వంచలేదు, నేనెందుకు వంచాలి అనుకుని మర్నాడు వచ్చేద్దామనే సంచి సర్దుకున్నాను టీచర్. కానీ మీరు నవ్వారు. అది గుర్తొచ్చి ఆగిపోయాను."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి, మళ్ళీ వస్తాననో, నువ్వు రా అనో. కండక్టరు రైట్ అనేశాడు. అది చెయ్యి ఊపింది, మర్యాదగా, ఏ టీచరుకైనా ఊపినట్టే. ఊపి, పిల్లతో ఇంటివైపు తిరిగింది.

రేపల్లె వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కన చేపల బుట్టతో కూర్చున్న ఆవిడ చాలాసేపు చూసి, ఇక ఊరుకోలేక, "ఏంటమ్మా, నీ వాళ్ళెవరన్నా పోయారా?" అని అడిగింది.

"లేదండి, ఉంది. బాగానే ఉంది" అన్నాను.